పసుపు బూట్ల పదకొండు మ్యాచ్‌లు

మార్చి 2, సోమవారం

ఇవాళ ఆఫీసులో ఒక వింత పని తగిలింది.

నేను చేసేది ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూస్తూ కీబోర్డు నొక్కడం. ఎవడు బంతి తాకాడు, ఎవడికి ఇచ్చాడు, ఎవడి దగ్గర లాక్కున్నాడు, ఒక్కోదానికి ఒక్కో బటన్. మ్యాచ్‌కి రెండు వేల నొక్కుళ్ళు. ఆ అంకెలు క్లబ్బులకీ పేపర్లకీ వెళ్తాయి. పదకొండేళ్ళుగా ఇదే బతుకు. మ్యాచ్‌లు చూడటమే ఉద్యోగమా, అదృష్టవంతురాలివి అంటారు. అలా అన్నవాళ్ళని తెచ్చి నా కుర్చీలో ఒక్క గంట కూర్చోబెట్టాలి.

మా వెబ్‌సైట్లో ఒక పోలిక పేజీ వస్తుందట. ఒకే అకాడమీలో ఒకే ఏడాది చేరిన నలుగురు ఆటగాళ్ళు, ఎవరు ఎంత దూరం వెళ్ళారు, జనం ఎవర్ని ఎంత ఇష్టపడుతున్నారు. అంకెలు సరిచూడమని మా మేనేజర్ మేడమ్ ఆ ఫైలు నా మీద పడేసింది. నలుగురిలో ఒకడు మోకాలు పోయి ఆట మానేశాడు. ఒకడు ఇప్పుడు పిల్లలకి గోల్‌కీపింగ్ నేర్పుతున్నాడు. ఇంకా ఆడుతున్నది ఇద్దరు. ఒకడిని అందరూ రాకెట్ అంటారు. రెండోవాడు మా తమ్ముడు.

సొంతవాళ్ళ మ్యాచ్‌లు మేము ముట్టుకోకూడదు. తమ్ముడి సంగతి చేరిన రోజే రాసిచ్చాను. మేడమ్‌కి గుర్తున్నట్టు లేదు. నేను గుర్తు చేయలేదు. ఆరా తీయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మార్చి 3

ఇద్దరికీ ఇరవై తొమ్మిది. ఒకే టీమ్, ఒకే మిడ్‌ఫీల్డ్. ఇద్దరిదీ ఎడమ కాలు. ఎత్తులో వేలెడు తేడా లేదు. తమ్ముడి జెర్సీ నంబరు ఆరు, రాకెట్‌ది ఎనిమిది.

ఈ సీజన్లో తమ్ముడు సృష్టించిన గోలు అవకాశాలు యాభై రెండు. రాకెట్‌వి ఇరవై నాలుగు. రాకెట్ తుస్సుమందని పేపర్లన్నీ రాశాయి. సీజన్ మధ్యలో వచ్చిన కొత్త కోచ్ వాడిని బెంచీకి పంపేశాడు. మా వాడి పేరేమో నేషనల్ టీమ్‌కి వినిపిస్తోంది. జాబితా ఇరవై ఎనిమిదిన. అమ్మ అప్పుడే వీధి వీధంతా చాటేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆన్‌లైన్లో మా వాడిని ఫాలో అయ్యేవాళ్ళు మూడు లక్షలు. బెంచీ మీద కూర్చున్న రాకెట్‌ని? నలభై ఒక్క లక్షలు.

సగం ఆట, పదమూడు రెట్ల ప్రేమ. ఎందుకు? ఇది తేల్చందే నాకు నిద్ర పట్టదు.

మార్చి 5

సర్వే మొదలుపెట్టాను. మా ఆఫీసు సెక్యూరిటీ ఆయన్ని అడిగితే, రాకెట్ కాలి దగ్గర బంతి ఉంటే నేను గేటు సంగతే మర్చిపోతాను మేడమ్, అన్నాడు. మరి ఆరో నంబరు? మంచోడే, పాపం.

పన్ను పీకించుకోవడానికి వెళ్ళి డెంటిస్టుని అడిగాను. నా నోట్లో దూది ఉంది కాబట్టి ఆయనే మాట్లాడాడు. రాకెట్ బంతి అందుకునే ముందు ఏదో జరగబోతోందని తనకి ముందే తెలిసిపోతుందన్నాడు. ఆరో నంబరు కష్టజీవి, పాపం, అన్నాడు.

బస్సులో పక్కన కూర్చున్న టీచరమ్మ కూడా అంతే. ఆ ఆరో అబ్బాయి ఏం చేస్తాడో నాకు సరిగ్గా తెలీదండీ, కానీ ఎప్పుడూ చెమటలోనే ఉంటాడు పాపం, అంది.

ముగ్గురికి ముగ్గురూ పాపం! నేషనల్ టీమ్‌లోకి వెళ్ళబోయేవాడిని పట్టుకుని ఈ పాపం ఏమిటి? జనానికి కళ్ళు లేవు. పేరు చూసి చప్పట్లు కొడతారు.

మార్చి 6

అమ్మ కూడా వాడిని పాపం అంది.

మార్చి 9

ఇక లాభం లేదు, కళ్ళారా చూడాలని నిర్ణయించుకున్నాను. ఫైల్లో తమ్ముడి అంకెలు ఆకాశానికి లేచింది తొమ్మిదో మ్యాచ్ నుంచి పంతొమ్మిదో మ్యాచ్ దాకా. ఆ పదకొండు మ్యాచ్‌ల్లో అవకాశాలు ఇరవై తొమ్మిది. రాకెట్‌వి ఎనిమిది. టాకిల్స్, అంటే ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి లాక్కున్నవి, మాత్రం రాకెట్‌వి నలభై ఏడు, మా వాడివి పన్నెండు. రాకెట్ బండి లాగుతోంది అని ఆ రోజుల్లో కార్టూన్లు కూడా వేశారు.

లంచ్ టైములో పాత వీడియోలు తెరిచాను. రూలు దాటానని తెలుసు. నాది పాస్‌వర్డ్ ఉన్న చెయ్యి, దురద ఉన్న బుర్ర.

ఈ మ్యాచ్‌లన్నీ నొక్కింది నా పక్క సీటావిడ. వేళ్ళ వేగం చూసి అందరం ఆవిడని చకచకా అంటాం. ఆ మైదానాల్లో కెమెరా చాలా దూరంలో ఉంటుంది. ఆరుకీ ఎనిమిదికీ తేడా దేవుడికే తెలియాలి. సీజన్ మొదట్లో ఆవిడ కళ్ళు నులుముకుంటుంటే నేనే చెప్పాను, నంబరు చూడకు, బూట్లు చూడు, మా వాడివి పసుపు, రాకెట్‌వి తెలుపు అని. తమ్ముడి మ్యాచ్ ముట్టుకోకూడదు గానీ తమ్ముడి గురించి గొప్పలు పోవచ్చు కదా.

రెండు మ్యాచ్‌లు చూశాను. పసుపు బూట్లు ఏం ఆడాయి! మురిసిపోయాను. నాకు తెలీకుండానే గట్టిగా భేష్ అనేశానేమో, చకచకా తలెత్తి చూసింది.

మార్చి 10, మధ్యాహ్నం 1.20

పద్నాలుగో మ్యాచ్, ముప్పై మూడో నిమిషం, ఒక అద్భుతమైన పాసు. పసుపు బూట్లు బంతి అందుకునే ముందు రోడ్డు దాటేవాడిలా రెండు పక్కలా రెండేసి సార్లు చూశాయి. అంటే ఆ బూట్లలో ఉన్నవాడు చూశాడు.

మా తమ్ముడు అలా చూడడు.

పరిగెత్తేటప్పుడు మా వాడి పిడికిళ్ళు మూసుకుని ఉంటాయి, బొటనవేళ్ళు లోపల దాక్కుంటాయి. నాలుగేళ్ళప్పటి అలవాటు. అమ్మ ఎన్నిసార్లు విప్పదీసిందో. ఈ పసుపు బూట్లవాడి చేతులు విచ్చుకుని ఉన్నాయి.

1.35

నలభై సార్లు వెనక్కి తిప్పాను. తెల్ల బూట్లవాడిని పెద్దది చేసి చూశాను. పిడికిళ్ళు.

1.50

వాడు కాదు.

మార్చి 13

పదకొండు మ్యాచ్‌లూ చూసేశాను. పదకొండులోనూ అంతే. పసుపులో ఉన్నది రాకెట్, తెలుపులో ఉన్నది మా వాడు.

గోలూ, గోలుకి ముందు ఇచ్చిన చివరి పాసూ మా దగ్గర ముగ్గురు సరిచూస్తారు. అవి సరిగ్గానే ఉన్నాయి. మిగతావన్నీ ఒక్కరే నొక్కుతారు, ఎవరూ చూడరు. అక్కడే కొంప మునిగింది. ఇరవైయో మ్యాచ్ నుంచి ఇద్దరూ ఒకే రంగు బూట్లు వేసుకున్నారు. చకచకా విసుక్కుని దగ్గర కెమెరా అడిగి తెప్పించుకుంది. అక్కడి నుంచి లెక్క సరిపోయింది.

అసలు లెక్క ఇది. ఆ పదకొండు మ్యాచ్‌ల్లో ఇరవై తొమ్మిది అవకాశాలూ రాకెట్‌వి, ఎనిమిది మా వాడివి. నలభై ఏడు టాకిల్సూ మా వాడివి. సీజన్ మొత్తం సరిచేస్తే రాకెట్ నలభై అయిదు, తమ్ముడు ముప్పై ఒకటి.

ఎందుకు ఇష్టపడుతున్నారని జనాన్ని అడిగాను. కళ్ళు లేవన్నాను. కళ్ళున్నది వాళ్ళకే. నేను, పదకొండేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, పప్పులో కాలేశాను. అది కూడా పక్కావిడ కాలు పట్టుకుని మరీ వేయించాను.

మార్చి 15, ఆదివారం

రాకెట్ ఇంటికొచ్చాడు. అమ్మని చూసి చాలా రోజులైందట. అకాడమీ రోజుల్లో సెలవు దొరికితే సొంత ఇంటికి కాకుండా మా ఇంటికే వచ్చేవాడు. అమ్మ చేతి ముద్ద తిని పెరిగాడు. ఇప్పుడు గుమ్మంలో తల వంచి రావాలి, అంత ఎదిగాడు.

కింది డివిజన్ క్లబ్బు ఒకటి పిలిచిందట. ఇరవై అయిదున సంతకం. ఇక్కడ కోచ్ వచ్చే ఏడాదికి వద్దనేశాడట. వాడు నవ్వుతూనే చెప్పాడు. వాడి నవ్వు ఎప్పుడూ ఎదుటివాళ్ళ కోసమే.

నేను నెమ్మదిగా కూపీ లాగాను. ఈ సీజన్లో మీ ఇద్దరూ బూట్లు మార్చుకున్నారా? వాడు పగలబడి నవ్వాడు. నీకెలా తెలుసక్కా, మావాడికి ఆ పసుపు జతతో మడమ మీద ఇంత పొక్కు లేచింది, నాది ఇచ్చి వాడిది నేనేసుకున్నా, చిన్నప్పట్నుంచీ ఒకటే సైజు కదా, అన్నాడు.

తర్వాత అన్న మాట ఇంకా చెవిలో తిరుగుతోంది. అక్కా, నా టాకిల్స్ చూశావా? నలభై ఏడంట! నేనెప్పుడు అంత కష్టపడ్డానో నాకే గుర్తు లేదు. పాసులు మాత్రం బాగా ఇస్తున్నాననే అనుకున్నా. కాగితం చూస్తే లేవు. కాళ్ళు ఒకటి చెప్తాయి, కాగితం ఇంకోటి చెప్తుంది. ఏదో అయిందిలే నాకు, అన్నాడు.

చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది. అమ్మ అప్పుడే వాడి భుజం తట్టి, మనవాడు నేషనల్ టీమ్‌లోకి వెళ్తే నీకూ మంచి రోజులొస్తాయిరా, అంది. వస్తాయమ్మా, అన్నాడు.

సిగ్గేసింది. రాస్తుంటే ఇంకా వేస్తోంది.

మార్చి 19

తమ్ముడిని పిలిచి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. పద్నాలుగో మ్యాచ్ చూపించాను. మూడుసార్లు చూశాడు. రెండోసారికే అర్థమైందని వాడి మెడ చూస్తే తెలిసింది.

ఇంకెవరికైనా తెలుసా అని అడిగాడు. లేదన్నాను.

లాప్‌టాప్ మూత వేశాడు. నెలనెలా ఆ అంకెల షీటు చేతికొచ్చినప్పుడు తనకీ ఆశ్చర్యం వేసిందట. ఆ పాసులు ఇచ్చినట్టు గుర్తు లేదట. కానీ మ్యాచ్‌లో ఎవరికి ఏం గుర్తుంటుందక్కా, బాగుపడ్డాననుకున్నా, నమ్మేశా, అన్నాడు. అంతేకాదు. కాగితంలో ఉన్నవాడిలా ఆడాలని రోజూ ప్రాక్టీసు అయ్యాక ఇంకో గంట ఒక్కడే ఉండి ఆ పాసులు నేర్చుకోవడం మొదలుపెట్టాడట. ఒకటీ అరా కుదురుతున్నాయట కూడా.

నాకు ఏడుపొచ్చింది. వాడికి రాలేదు.

ఇరవై ఎనిమిది దాకా ఆగక్కా, అన్నాడు. తొమ్మిది రోజులే. జాబితా వచ్చాక నువ్వేం చేసుకున్నా సరే.

రాకెట్ సంతకం ఇరవై అయిదున అని చెప్పాను.

వాడికి నలభై లక్షల మంది ఉన్నారు, ఏ క్లబ్బుకెళ్ళినా నెత్తిన పెట్టుకుంటారు, నాకు ఈ ఒక్క కాగితమే ఉందక్కా, అన్నాడు. టీ అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను. ఒక్కో మెట్టూ దిగాడు. ఎప్పుడూ రెండేసి దూకేవాడు.

మార్చి 20

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు.

మార్చి 22, ఆదివారం

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. ఆగిపోదామనుకున్నాను. మూడు రోజులుగా అదే ఆలోచన.

తొమ్మిది రోజుల్లో మూడు ఎలాగూ అయిపోయాయి. మిగిలినవి కళ్ళు మూసుకుంటే పోతాయి. తప్పు బయటపడినా చకచకా తప్పు అంటారు. నా పేరు ఎక్కడా లేదు. నేషనల్ జెర్సీ ఒక్కసారి వేసుకుంటే ఎవరూ విప్పించలేరు. వాడికి ఇరవై తొమ్మిది. మళ్ళీ పిలుపు రాదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇటు చూస్తే రాకెట్. వాడికి పోయేది ఒక క్లబ్బు కాదు. తన కాళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. కింది డివిజన్‌కి ఆ అనుమానంతోనే వెళ్తాడు. అనుమానంతో ఆడే రాకెట్ ఎలా ఉంటాడు? ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు తెలుసుకోవాలని నాకు లేదు. ఇంతవరకూ ఏ ప్రశ్న గురించీ నేను ఇలా అనుకోలేదు.

నా తమ్ముడు రాకెట్ కన్నా తక్కువ. ఇలా రాసి చూస్తున్నాను, ఎలా ఉంటుందో అని. రాయగలిగాను.

మార్చి 23, ఉదయం 8.10

ఎవరూ రాకముందే ఆఫీసుకి వచ్చాను. దిద్దుబాటు ఫారం తెరిచాను. పదకొండు మ్యాచ్‌లు, ఆటగాళ్ళు ఇద్దరు, నిమిషం నిమిషం రాశాను. తప్పు ఎలా జరిగిందన్న చోట బూట్లు చూడమని చెప్పింది నేనే అని రాశాను. ఆటగాడితో సంబంధం అన్న చోట అక్క అని రాశాను. కాసేపాగి ఇద్దరికీ అని చేర్చాను.

9.05

పంపేశాను. చకచకా అప్పుడే వచ్చి బ్యాగు పెడుతోంది. విషయం చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడి తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ వేళ్ళ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతుందే గానీ వినడం లేదు.

మార్చి 24

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. సొంతవాళ్ళ మ్యాచ్ తెరిచినందుకు నెల రోజులు నన్ను పక్కన పెట్టింది. తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో అప్పుడు చూద్దామంది. క్లబ్బులకీ సెలెక్టర్లకీ సరిచేసిన షీట్లు వెళ్ళాయట. పోలిక పేజీ ఆపేశారు. బయటికి వెళ్తుంటే మేడమ్ వెనక్కి పిలిచి, ఎవరూ అడక్కుండానే ఎందుకు చెప్పావు అంది. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

మార్చి 28, ఉదయం 11

జాబితా వచ్చింది. తమ్ముడి పేరు లేదు. రాకెట్ పేరూ లేదు. ముక్కూమొహం తెలియని ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడెవరో ఉన్నాడు.

సాయంత్రం

అమ్మకి అంతా చెప్పాను. అమ్మ వీధి వైపు కిటికీ మూసేసింది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలే అంది. నా మీద కోపమా అని అడిగాను. ఉంది, రేపటికి పోతుందేమో చూడాలి, అంది.

మార్చి 29

పోలేదు.

ఏప్రిల్ 1

రాకెట్ వచ్చాడు. సంతకం చేయలేదట. కొత్త షీటు చూసి కోచ్ పాత వీడియోలన్నీ మళ్ళీ వేయించుకుని చూశాడట. ఇంకో ఏడాది ఉంచుకుంటానన్నాడట. నా చేతులు పట్టుకున్నాడు. పద్నాలుగో మ్యాచ్ పాసు నేనే ఇచ్చానక్కా, నాకు పిచ్చి పట్టలేదన్నమాట, అన్నాడు. నలభై ఒక్క లక్షల మంది ఉన్నవాడు అది ఒకరి నోట వినాలని ఇన్నాళ్ళు ఎదురుచూశాడు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఆ పదకొండు మ్యాచ్‌ల్లో తను ముందుకు పరిగెత్తితే వెనకాల ఎవరో తలుపులు వేసుకుంటూ వస్తున్నట్టే ఉండేదట. వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరమే రాలేదట. నలభై ఏడు వాడివా అక్కా, నాకోసం ఆడాడా వాడు, అన్నాడు.

ఆ మాట వాడికే చెప్పు అన్నాను.

చెప్పా, వాడు మాట్లాడ్డం లేదు, అన్నాడు.

ఏప్రిల్ 4

పని లేని మనిషి గడియారం చూస్తే ముల్లు కదలదు. ఇవాళ గంటన్నర సేపు కిటికీలోంచి రోడ్డు చూశాను. దాటినవాళ్ళు డెబ్భై మంది. రెండు వైపులా చూసి దాటింది పదకొండు మంది. నా వేళ్ళు కిటికీ చెక్క మీద వాటంతట అవే కొడుతున్నాయి.

ఏప్రిల్ 9

ఇరవై రోజులకి తమ్ముడి నుంచి మెసేజ్. ఒక టికెట్. కింద ఒక్క లైను. ఆదివారం రా, నావి నువ్వే లెక్కేసి చెప్పు, ఉన్నవి ఉన్నట్టు.

పదిసార్లు చదివాను. అమ్మకి చూపించాను. అమ్మ పెన్సిలు చెక్కి పెట్టింది.

ఏప్రిల్ 12, ఆదివారం

మూడో వరుస. కాగితం, పెన్సిలు. కెమెరా లేదు, రివైండ్ లేదు.

టాకిల్స్ ఆరు.

పాసులు ముప్పై నాలుగు. తప్పినవి తొమ్మిది.

అవకాశం ఒకటి. అరవై రెండో నిమిషం. గోలు కాలేదు.

వాడిదే.